ముప్పై సెకన్లలో చెల్లాయమ్మ తోట

టేకుమూడి నూకరాజు గీత గీశాడంటే కోర్టు కూడా దాటదని సర్వే ఆఫీసులో ఒక మాట ఉండేది. ఆయన అక్కడ డ్రాఫ్ట్స్‌మన్. సర్వేయర్లు పొలం గట్ల మీద కొలత గొలుసు లాగి రాసుకొచ్చిన అంకెల్ని పటంగా మార్చడం ఆయన పని. ఒక్కో పటానికి పందొమ్మిది రోజులు పట్టేది. అందులో మొదటి రోజంతా పెన్సిలు చెక్కడానికే పోతుందని గిట్టనివాళ్లు అనేవారు. అది వట్టి అబద్ధం. పెన్సిలుకి ఒక పూటే పట్టేది.

అలాంటి మనిషి ముప్పై సెకన్లలో బొమ్మ గీయడం నేర్పే క్లాసులో తనంతట తాను చేరతాడా? చేరలేదు. భార్య వరహాలమ్మ చేర్పించింది.

"ఇరవయ్యేడేళ్లలో కొలవకుండా ఒక్క గీతయినా గీశారా మీరు?" అందావిడ. "నేను ముగ్గేస్తంటే చుక్కకీ చుక్కకీ ఎడం సరిగ్గా లేదని స్కేలట్టుకొచ్చారు. వీధి వీధంతా చూసిందండి. వెళ్లి ఆ చెయ్యి కాస్త వదులు చేసుకు రండి."

క్లాసు గ్రంథాలయం మేడ మీద హాల్లో, శని ఆదివారాల సాయంత్రాలు. చెప్పేది దయామణి టీచరు. హైస్కూల్లో ముప్పయ్యేళ్లు డ్రాయింగు చెప్పి రిటైరయిన మనిషి. బొమ్మ బాగుంటే బాగుందనీ, బాగోకపోతే బాగోలేదనీ మొహం మీదే అనేస్తుంది కాబట్టి సర్వీసులో ఆవిడకి ఒక్క సన్మానమూ జరగలేదు. అరటి గెలలు మోసే ఒకాయన్ని హాలు మధ్యలో బల్ల మీద నిలబెట్టేది. ఆయన గెల ఎత్తుతున్నట్టో, దించుతున్నట్టో, చెమట తుడుచుకుంటున్నట్టో నిలబడతాడు. ముప్పై సెకన్లకి టీచరు చప్పట్లు కొడుతుంది. ఆయన భంగిమ మారుస్తాడు, వీళ్లు కాగితం మారుస్తారు. దీన్ని జెస్చర్ డ్రాయింగు అంటారు.

"కళ్లూ ముక్కూ నాకక్కర్లేదు," అనేది టీచరు. "వేళ్లు ఎన్నున్నాయో లెక్కెట్టకండి. ఒంటి బరువు ఎటుందో చూడండి. కొలవకండి నాయనా, చూడండి."

మొదటి సాయంత్రం ముప్పై సెకన్లు అయ్యేసరికి నూకరాజు కాగితం మీద చుట్టూ మార్జినూ, పై మూల ఉత్తర దిక్కు చూపించే బాణమూ ఉన్నాయి. మనిషి లేడు. రెండో నెలలో మార్జిను మానేశాడు, బాణం మానలేకపోయాడు. నాలుగో నెలకి బాణం కింద ఒక మడమ వచ్చింది. మడమ బాగుందనీ, అయితే అది ఎవరిదో తెలియడం లేదనీ టీచరు అంది. అయినా ఆయన క్లాసు మానలేదు. ఆ హాల్లో ఉన్నంతసేపూ ఎవరూ ఆయన్ని సర్వే నంబరు అడిగేవారు కాదు. అది ఆయనకి ఎంతో హాయిగా ఉండేది.

ఇలా ఉండగా ఆ హాల్లో కొత్తగా బిగించిన సీలింగు ఫ్యాను ప్రారంభించడానికి పరాంకుశంగారు వచ్చారు. ఆయన భూ పటాల సత్వర పరిష్కార ప్రత్యేకాధికారి. జిల్లాలో నాలుగు వేల ఎనిమిది వందల పన్నెండు మంది పటాల కోసం అర్జీలు పెట్టుకుని కూర్చున్నారు. వాటిని ఏడాదిలోగా సున్నా చేస్తానని పైవాళ్లకి మాటిచ్చి వచ్చినాయన. స్విచ్చి నొక్కి, గాలి వచ్చుచున్నదని ధ్రువీకరించి, మెట్లు దిగబోతూ గోడకి అతికించిన బొమ్మలు చూసి ఆగారు.

"ఒక్కొక్క చిత్రమునకు ఎంత వ్యవధి పట్టుచున్నది?"

"ముప్పై సెకన్లండి," అంది టీచరు.

"అంతకు మించి?"

"మించితే పాడైపోతుందండి."

"మరి వివరముల సంగతి ఏమి?"

"వివరాల జోలికి పోమండి ఇందులో. వాటి వెంట పడితే అసలు మనిషి తప్పిపోతాడు."

పరాంకుశంగారు కాసేపు కళ్లు మూసుకున్నారు. ముప్పై సెకన్లు, వివరాలు లేవు, చప్పట్లు కొట్టగానే కాగితం మార్చేయడం. సర్వీసంతా ఆయన వెతుకుతున్న పరిపాలనా విధానం చివరికి గ్రంథాలయం మేడ మీద అరటి గెల ఎత్తుకుని కనిపించింది. కిందకి దిగేదాకా కూడా ఆగలేక మెట్ల మీదే గుమాస్తాకి ఉత్తర్వు చెప్పి రాయించారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఇకపై సమస్త భూ పటములును భంగిమ చిత్రణ విధానమున, ముప్పై సెకన్లకు మించని వ్యవధిలో, కొలతలతో నిమిత్తము లేకుండా చిత్రింపబడవలెను. కొలుచుటయే జాప్యమునకు మూలకారణమని ఈ కార్యాలయము గుర్తించినది."

వారం తిరక్కుండా చిక్కొకటి వచ్చింది. సిబ్బంది కాగితాలూ బొగ్గు ముక్కలూ పట్టుకుని పొలాలకి వెళ్లి నిలబడ్డారు. పొలాలు భంగిమ ఇవ్వలేదు. ముప్పై సెకన్లు చూసి తిరిగొచ్చి, భూమి సహకరించుట లేదని పైకి రాశారు. పరాంకుశంగారు ఆ కాగితం మీద రెండు రోజులు ఆలోచించి రెండో ఉత్తర్వు ఇచ్చారు.

"భూమి స్వభావరీత్యా నిశ్చలమైనది గావున భంగిమ ఇవ్వజాలదు. పట్టాదారుడు తన భూమికి సహజ ప్రతినిధి. గావున భూమి తరఫున పట్టాదారుడే భంగిమ ఇవ్వవలెను. సదరు భంగిమ యొక్క రేఖయే సదరు భూమి యొక్క హద్దుగా పరిగణింపబడును. తల ఉన్న దిక్కు ఉత్తరము. కాగితముపై ఒక బెత్తెడు, నేలపై ఒక గొలుసు."

ఇది విని జనం కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. సోమవారం మొదటి పటాలు చేతికొచ్చాక ఒక్కడూ నవ్వలేదు. చేతులు బార్లా చాపి నిలబడ్డవాడి పొలం పెరిగింది. చేతులు కట్టుకుని వినయంగా నిలబడ్డవాడి పొలం తగ్గింది. తాతల కాలం నుంచి పెద్దల ముందు చేతులు కట్టుకోమని పిల్లలకి నేర్పుతూ వచ్చిన ఊళ్లలో ఇది పెద్ద దెబ్బ.

ఆ తర్వాత జిల్లాలో వ్యవసాయం మూలపడి వ్యాయామం మొదలయింది. తెల్లారేసరికి రైతులు గట్ల మీద నిలబడి చేతులు సాగదీసుకునేవారు. ఒకాయన గొడుగు విప్పి పట్టుకుని వచ్చి రెండెకరాలు అదనంగా పట్టుకెళ్లాడు. మర్నాడు సర్వే ఆఫీసు అర్జీల హాలంతా గొడుగులే. "గొడుగు శరీరభాగము కాదు" అని నాలుగో ఉత్తర్వు వచ్చింది. పొడుగు చేతులున్న వాలీబాలు ఆటగాళ్లకి పవరాఫటార్నీ రాసిచ్చి తమ తరఫున నిలబెట్టుకోవడం మొదలుపెట్టారు కొందరు. యోగా నేర్పే ఒకాయన, పాపం, విద్య చూపిద్దామని శీర్షాసనం వేశాడు. పటంలో ఆయన స్థలం తలకిందులై, వీధిలోకి ఉండాల్సిన గుమ్మం కాలవలోకి తెరుచుకుంది.

ఉమ్మడి పట్టాదారులు ఒకరినొకరు పట్టుకుని నిలబడాలని అయిదో ఉత్తర్వు చెప్పింది. తొమ్మిదేళ్లుగా మాటల్లేని అన్నదమ్ములిద్దరు భూమి కోసం పళ్లు బిగబట్టి కౌగిలించుకున్నారు. ఇరవయ్యో సెకనులో తమ్ముడికి పాత సంగతేదో గుర్తొచ్చి చెయ్యి వదిలేశాడు. మధ్యలో వచ్చిన ఎడం పటంలో సందుగా పడింది. ఆ సందుని పంచాయతీ వాళ్లు రోడ్డుగా కలుపుకున్నారు. మొత్తం మీద ముప్పై సెకన్లూ ఉలక్కుండా పలక్కుండా భంగిమ ఇచ్చింది మాన్యం భూముల తరఫున దేవుడొక్కడే. అందులోనూ పవళించి ఉన్న దేవుడికి నిలబడి ఉన్న దేవుడి కంటే ఎక్కువ మాన్యం వచ్చిందని ఇద్దరు ఆలయాధికారుల మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాయి.

దయామణి టీచరు క్లాసు మూతపడింది. హాలు భంగిమల శిక్షణకి కావాల్సి వచ్చింది. ఆవిడని ముఖ్య భంగిమ ధ్రువీకరణాధికారిగా వేసి చేతిలో రెండు రబ్బరు స్టాంపులు పెట్టారు. ఒక దాని మీద "జీవము గలదు" అనీ, రెండో దాని మీద "జీవము లేదు" అనీ ఉంటుంది. రెండు పటాలు ఒకదాని మీదికి ఒకటి వచ్చి తగాదా పడితే ఎందులో జీవముంటే అదే చెల్లుతుందని తొమ్మిదో ఉత్తర్వు.

"అయ్యా, నేను నేర్పేది బొమ్మలండి. హద్దులు కాదు," అని ఆవిడ మొత్తుకుంది.

"తమ వినయము ప్రశంసనీయము," అన్నారు పరాంకుశంగారు. "ఫైలునందు నమోదు చేయించెదము."

ఇక నూకరాజు సంగతి. డ్రాఫ్ట్స్‌మన్లందరూ వేగ చిత్రణ ధ్రువపత్రం తెచ్చుకోవాలన్నారు. పరీక్షకి అయిదు సార్లు కూర్చున్నాడు, అయిదు సార్లూ బాణం దగ్గరే సమయం అయిపోయింది. ఆయన పక్క బల్ల జగ్గారావు మాత్రం మొదటిసారే నెగ్గి, రోజుకి అరవై పటాలు గీసి పారేస్తున్నాడు. ఆవలిస్తూ కూడా గీసేవాడు. ఎవరిని గీసినా చేలో దిష్టిబొమ్మలాగే వచ్చేది. తగాదా వస్తే తప్ప బొమ్మ టీచరు దాకా వెళ్లదు కాబట్టి జగ్గారావుకి ఇబ్బంది లేదు. నూకరాజుని కౌంటర్లో కూర్చోబెట్టి అర్జీలు తీసుకునే పని అప్పజెప్పారు.

ఆ కౌంటరు దగ్గరికే ఒకరోజు పెచ్చెట్టి చెల్లాయమ్మ వచ్చింది. ముందు ఒక చెయ్యి కనపడింది, తర్వాత తల కనపడింది. నడుం అంతగా వంగిపోయిన మనిషి. గోదావరి పాయల మధ్య లంకలో ఆవిడకి ముప్పై నాలుగు సెంట్ల కొబ్బరి తోట ఉంది. పదిహేడు చెట్లు. ఆవిడకి ఉన్నదంతా అదే. పక్కన రొయ్యల చెరువులున్న వాకా పెద్దిరాజు అంతకు ముందు సోమవారమే తన భంగిమ ఇచ్చాడు. మునివేళ్ల మీద లేచి, రొమ్ము విరిచి, కుడి చెయ్యి ఎంత సాగితే అంత సాచి నిలబడ్డాడు. జగ్గారావు గీశాడు.

"మా తొమ్మిది చెట్లు ఆయన చేతిలోకి ఎళ్లిపోయినాయంటండి," అంది చెల్లాయమ్మ. "మోచేతి కింద అయిదున్నాయి, అరచేతిలో నాలుగున్నాయి అంటున్నారండి. గుంజలు కూడా పాతించేశారు. ఎర్రగుడ్డలు కట్టి మరీని."

"మీరు ఎప్పుడు నిలబడాలండి?"

"వచ్చే సోమారవండి. ఎలా నిలబడితే నా చెట్లు నాకుంటాయో మీరే చెప్పాలండి బాబూ."

నూకరాజు కౌంటరు వదిలి బయటికొచ్చి ఆవిణ్ణి గోడకి ఆనించి నిలబెట్టాడు. చేతులు ఎత్తమన్నాడు. అవి భుజాల దాకా వచ్చి ఆగిపోయాయి. నడుం ఎత్తమన్నాడు.

"అదెప్పుడో పోయిందండి," అంది ఆవిడ. "నలభయ్యేళ్లు ఆ చెట్ల కింద మట్టలేరుకుని, ఈనెలు గీసుకుని, చీపుళ్లు కట్టుకుని బతికినదాన్ని. కిందకి చూడ్డవే గానీ పైకి చూసే పనెక్కడుందండి నాకు?"

నూకరాజు ఆవిడ వంపుని కంటితో కొలిచాడు. అలవాటు మరి. కొడవలిలాంటి ఆకారం వస్తుంది. నాలుగు సెంట్లు, అందులో ఒక్క చెట్టు కూడా పడదు. మిగిలినది ఎవరి భంగిమలోనూ లేని భూమి కింద పోతుంది, పెద్దిరాజు ఇంకోసారి చెయ్యి సాచి అది కూడా లాక్కుంటాడు. ఈ మాట ఆవిడకి చెప్పకుండా, చూద్దామని పంపించేశాడు. రెండు రోజులు తటపటాయించి, మూడో రోజు ధైర్యం చేసి పరాంకుశంగారి ఛాంబరులోకి వెళ్లాడు.

"చెల్లాయమ్మగారి నడుం వంగిపోయిందండి," అన్నాడు. "ఆవిడ తోట వంగలేదండి."

పరాంకుశంగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "భూమియు పట్టాదారుడును అభిన్నులని రెండవ ఉత్తర్వున నిర్ధారింపబడినది. పట్టాదారు వంగినచో భూమియు వంగినట్లే. ఒక్కరి నడుము కొరకు విధానమును వంచజాలము."

"పోనీ ఆవిడ పటం నేను గీస్తానండి."

"మీకు ధ్రువపత్రము లేదు."

"లేదండి. ఆరోసారి పరీక్ష అదే అనుకోండి."

పరాంకుశంగారికి ఈ మాట నచ్చింది. పరీక్షా, పటమూ ఒకే ముప్పై సెకన్లలో తేలిపోతే ముప్పై సెకన్లు ఆదా. "అంగీకరించితిమి. అయితే ఒక నిబంధన. మీ చిత్రమున జీవము లేదని తేలినచో మీరు పాత రికార్డుల గదికి బదిలీ. సదరు భూమి నిర్జీవ భూమిగా ప్రకటింపబడును."

బయటికొచ్చాక గానీ నూకరాజుకి తను చేసిన పని అర్థం కాలేదు. జగ్గారావు గీసుంటే ఆవిడకి నాలుగు సెంట్లయినా మిగిలేవి. తను తప్పితే అవీ ఉండవు. ఎనిమిది నెలల్లో ఒక్క మనిషిని కూడా పూర్తిగా గీయలేకపోయినవాడు ఏ మొహం పెట్టుకుని ఒప్పుకున్నాడని తనని తానే తిట్టుకున్నాడు. ఇంటికెళ్లి వరహాలమ్మని వంగి నిలబడమని బతిమాలి గీయబోయాడు. ముప్పై సెకన్లకి ఆవిడ చీర అంచు వచ్చింది. అది సర్వే గట్టులా ఉందని ఆవిడే అంది.

సోమవారం అర్జీల హాలు కిటకిటలాడిపోయింది. పెద్దిరాజు పట్టు జుబ్బా తొడుక్కుని ముందు వరసలో కూర్చున్నాడు. పరాంకుశంగారు ఈల మెడలో వేసుకుని, ఆపుగడియారం చేత్తో పట్టుకుని వచ్చారు. చెల్లాయమ్మని ఇద్దరు పట్టుకుని బల్ల ఎక్కించారు. ఎక్కి, ఆవిడ అటూ ఇటూ చూసింది.

"మా తోట ఎటేపుందండీ ఇక్కణ్ణించి?"

ఎవరికీ తెలియదు. నూకరాజు ఆలోచించకుండానే చెయ్యెత్తి చూపించాడు. "అటండి. ఆ కిటికీ కుడి పక్కగా."

ఆవిడ అటు తిరిగింది. ఒక చెయ్యి మోకాలి మీద ఆనించి, రెండో చెయ్యి కాస్త ముందుకి పెట్టి, రాలిన కాయ ఏ చెట్టు కిందుందో చూస్తున్నదానిలా నిలబడిపోయింది. పరాంకుశంగారు ఈల ఊదారు.

నూకరాజు బొగ్గు ముక్క కాగితానికి ఆనించి ఆవిణ్ణి చూశాడు. ఆఫీసు వదిలి ఆయన పొలానికి వెళ్లింది జన్మలో ఒక్కసారి, అదీ ఆ తోటకే. ఇరవయ్యేళ్ల కిందట సర్వేయరుకి జ్వరం వస్తే. అప్పుడు చెల్లాయమ్మకి నడుం నిటారుగా ఉండేది. గొలుసుకి ముందు నడుస్తూ ఒక్కో రాయి దగ్గరా ఆగి కాలితో చూపించింది. కాలవ వైపు గట్టు వరదకి కోసుకుపోయి లోపలికి వంగితే, అక్కడ మట్టి పోసి తొక్కుతూ, ఇది నిలబడితే తోట నిలబడుతుందండి అంది. ఇప్పుడు బల్ల మీద ఆ మోకాలు, ఆ చెయ్యి, కిటికీ వైపు ఆ చూపు. చెయ్యి కదిలింది. ఒక గీత గట్టు వెంట వెళ్లింది, తిరిగింది, కాలవ దగ్గర బరువుగా లోపలికి వంగింది, మళ్లీ తేరుకుని వచ్చి మొదటి చోట కలిసింది. అప్పటికి ఇరవై రెండు సెకన్లే అయ్యాయి. మిగిలిన ఎనిమిది సెకన్లూ ఏం చేయాలో తెలియక ఆయన ఆవిణ్ణి అలా చూస్తూ ఉండిపోయాడు.

పరాంకుశంగారు కాగితం అందుకున్నారు. నాలుగు వైపుల గీత, ఒక వైపు నొక్కు. అంతే.

"ఇందు శిరస్సు ఎక్కడ?"

"తెలీదండి."

"హస్తములు?"

"అవీ తెలీదండి."

"మరి మీరు చూసినదేమి?"

"ఆవిణ్ణేనండి."

పెద్దిరాజు లేచి తొంగి చూసి మండిపడ్డాడు. "ఏంటండీ ఇది, పాత పటవేగా? పదిహేడు చెట్లూ లోపలే ఉన్నాయి. ఇది మనిషెలాగవుద్దండి?"

"అది నిర్ణయించుటకు మాకును తమకును అధికారము లేదు," అని పరాంకుశంగారు దయామణి టీచర్ని పిలిపించారు.

ఆవిడ వస్తుంటే నూకరాజుకి ఆశ పోయింది. ఆవిడ అబద్ధం ఆడదు. జాలి పడి బాగుందని అనదు. ఎనిమిది నెలల్లో తన మడమ గురించి తప్ప మంచిమాట అని ఎరగదు. టీచరు కాగితం చూసింది. బల్ల మీదున్న చెల్లాయమ్మని చూసింది. మళ్లీ కాగితం చూసింది. ముప్పై సెకన్లు దాటి చాలాసేపయినా ఎవరూ ఈల ఊదలేదు.

"బరువిక్కడుంది," అని ఆవిడ కాలవ దగ్గర నొక్కు మీద వేలు పెట్టింది. "ఆవిడ ఒంట్లో బరువంతా ఆ మోకాలి మీదుంది చూడండి. గీతలో కూడా అక్కడే ఉంది. మిగతా మూడు వైపులూ దీన్ని పట్టుకుని నిలబడ్డాయి. ఎనిమిది నెలలు కొలిచి కొలిచి నా ప్రాణం తీశాడీయన. ఇవాళ చూశాడు."

స్టాంపు తీసి వేసింది. జీవము గలదు.

నూకరాజుకి కళ్లనీళ్లు వచ్చేశాయి. ముందు వచ్చిన సంతోషం బొమ్మ గురించే. చెట్ల సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది, అందుకు ఆయన తర్వాత చాలా సిగ్గుపడ్డాడు. తొమ్మిదో ఉత్తర్వు ప్రకారం పెద్దిరాజు బొమ్మ కూడా తెప్పించారు. దాన్ని చూడగానే టీచరు రెండో స్టాంపు తీసింది. సాయంత్రంలోగా పెద్దిరాజు మనుషులే వచ్చి ఎర్రగుడ్డల గుంజలు పీక్కుపోయారు.

కథ ఇక్కడితో సుఖాంతం కావాల్సిందే గానీ పరాంకుశంగారికి ఆ బొమ్మ మీద మనసు పడింది. భంగిమ చిత్రణ విధానమునకు పరాకాష్ఠ అని దానికి ఫ్రేము కట్టించి, తన ఛాంబరులో గడియారానికీ క్యాలెండరుకీ మధ్య వేలాడదీయించారు. పటాల రికార్డులో పాత పటం రద్దు చేసి, ఆ పేజీ ఖాళీగా ఉంచి, "అసలు ప్రతి: ప్రత్యేకాధికారి వారి తూర్పు గోడ" అని రాశారు. చెల్లాయమ్మ ప్రతి సోమవారం పాయ దాటి వచ్చి, బంట్రోతుని బతిమాలి లోపలికెళ్లి, కొంగుతో అద్దం తుడిచి, తోట ఉందని చూసుకుని వెళ్లేది.

ఏడాది చివర జిల్లాలో పటాల పెండింగు సున్నా అయింది. వాటి మీద వచ్చిన హద్దు తగాదాలు పదకొండు వేలు. అవి వేరే శాఖవి కాబట్టి ఈయన లెక్కలోకి రావు. పరాంకుశంగారికి ప్రమోషను మీద బదిలీ అయింది. సామాను లారీకి ఎక్కిస్తుంటే ఫ్రేము కూడా ఎక్కించారు. చెల్లాయమ్మ అడ్డం వచ్చింది.

"నా తోటని ఎక్కడికట్టుకెళ్తారు బాబూ?"

"అమ్మా, ఇది కళాఖండము," అన్నారు పరాంకుశంగారు దయగా. "కళ యావన్మంది సొత్తు. గావున మాతో వచ్చును."

అలా చెల్లాయమ్మ ముప్పై నాలుగు సెంట్లూ లారీ ఎక్కి మూడు జిల్లాల అవతలకి వెళ్లిపోయాయి. కొత్తగా వచ్చిన అధికారి పాత ఉత్తర్వులన్నీ ఒక్క సంతకంతో కొట్టేసి, అన్నీ మళ్లీ గొలుసుతో కొలవమన్నారు. రికార్డులో పటం లేని తోటని పెద్దిరాజు అప్పటికే ఒకటికి రెండు సార్లు చుట్టి చూసి వెళ్లాడు. నూకరాజు సర్వేయరు కోసం ఎదురుచూడకుండా తనే గొలుసు తీసుకుని లంకకి వెళ్లాడు. చెల్లాయమ్మ ముందు నడిచింది. ఒక్కో రాయి దగ్గరా ఆగి కాలితో చూపించింది. వంగే ఉంది కాబట్టి రాళ్లు ఈసారి ఆవిడకి ఇంకా దగ్గరగా కనపడ్డాయి.

పటం వేయడానికి పందొమ్మిది రోజులు పట్టింది. రద్దయిన పాత పటానికీ దీనికీ ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. కొత్త అధికారి సంతకం పెట్టారు, సీలు పడింది, ఒక ప్రతి రికార్డులోకి వెళ్లింది. ఇక ఆ తోట మీద ఎవరు చెయ్యి సాచినా చెల్లదు. రెండో ప్రతి నూకరాజు స్వయంగా తీసుకెళ్లి చెల్లాయమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని వెలుగు వైపు తిప్పి, దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, చాలాసేపు చూసింది.

"ఇది నాలా లేదండి," అంది.

"కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయండి. గొలుసులో ఒక్క లింకు కూడా తేడా లేదు."

"తోట ఇదేనండి, కాదన్ను. మీ చలవ వల్ల చెట్లన్నీ ఉన్నాయి." ఆవిడ పటం మడిచి జాగ్రత్తగా రొంటిన దోపుకుంది. "నేనే లేనండి ఇందులో."